కనబడకుండానే చదివిన ఆఖరి వరస

చిక్కడపల్లిలో నా కుడికంటి కథ ఇప్పుడు నాలుగు రకాలుగా తిరుగుతోంది. నాలుగూ నేను చెప్పినవే. ఇడ్లీ బండి దగ్గర చెప్పినదాంట్లో ఆరుగురు డాక్టర్లు నా మంచం చుట్టూ నిలబడి తలలు పట్టుకున్నారు. గ్రంథాలయం మెట్ల మీద చెప్పినదాంట్లో నేను పదకొండు రోజులు కటిక చీకట్లో గడిపాను. మా మేడమీద సాయంత్రాలు నడిచే మిత్రులకు చెప్పినదాంట్లో నా కంట్లోకి వేలెడు సూది దించారు, నేను రెప్ప కూడా కొట్టలేదు. నాలుగోది ఫోన్లో మా తోడల్లుడికి చెప్పాను. అది మరీ అన్యాయం, ఇక్కడ రాయలేను.

ఇది ఐదోది. రాసిన ప్రతి కాగితమూ మా ఆవిడ రాజ్యలక్ష్మి చదివాకే బయటికి వెళ్లాలని షరతు పెట్టింది కాబట్టి ఇందులో కోతలకు చోటు తక్కువ. శుక్లాల ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు, చేయించుకుని ఇంట్లో నల్లద్దాలతో కూర్చున్నవాళ్లు చదవాలని రాస్తున్నాను. ఆపరేషన్‌కు భయపడమని కాదు. నాకు జరిగింది చాలామందికి జరగదు. జరిగినా, నాలాంటి పని చేయకపోతే తొందరగా తేలిపోతుంది.

ముందు ఒక సంగతి చెప్పాలి. నాకు ఉన్నది ఒక్క కన్నే. ఎడమది చిన్నప్పుడు బిళ్లంగోడు ఆటలో దెబ్బతింది. దానికి వెలుగు తెలుస్తుంది, మనిషి తెలియడు. సర్వే ఆఫీసులో నక్షలు గీసిన ఉద్యోగకాలమంతా కుడికన్నే మోసింది. దానికి శుక్లం వచ్చిందన్నప్పుడు ఇంట్లో అందరూ నాకన్నా ఎక్కువ భయపడ్డారని చెబుతుంటాను. అది కూడా తప్పే. అందరికన్నా నేనే భయపడ్డాను.

జూన్, రెండో వారం

నారాయణగూడలో, మా ఇంటికి ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్న ఒక కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. లోపల డాక్టరమ్మను నవ్వించి నవ్వించి చంపానని చెప్పుకున్నాను. నిజానికి నేను నోరు విప్పింది ఒక్కసారే, "అయిపోయిందా అమ్మా?" అని. అప్పటికి ఇంకా మొదలే కాలేదు.

మర్నాడు కట్టు విప్పాక మా ఇంటి గోడలు పసుపు కావనీ, తెల్లటివనీ తెలిసింది. ఆ మాట రాజ్యలక్ష్మితో అంటే, "వేయించిన రోజునుంచీ తెలుపే. మీరే ఇన్నాళ్లూ పసుపన్నారు. మీతో వాదించడం ఎందుకని ఊరుకున్నాను" అంది.

ఆ వారం నేను మనిషిని కాదు, దుర్భిణిని. అశోక్‌నగర్ వైపు నడిచి, కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోల కింద హాల్‌టికెట్ నంబర్లు రోడ్డు అవతలినుంచి చదివి రాజ్యలక్ష్మికి వినిపించేవాణ్ణి. ర్యాంకులు నిజంగానే చదివాను. హాల్‌టికెట్ నంబర్లు కల్పించాను.

వారానికి చెకప్. అక్షరాల పట్టీలో ఆఖరి వరస దాకా చదివాను. అది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఆరు వారాలు చుక్కల మందు తగ్గించుకుంటూ వేయాలన్నారు. రాజ్యలక్ష్మి ఆ పట్టికను ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

తొలి ఏకాదశి

పండగ రోజు పూజగదిలో దీపం చుట్టూ ఒక గుండ్రటి పొగ కనిపించింది. అగరుబత్తి పొగ అనుకుందామంటే అది ఇంకా వెలిగించలేదు. కన్ను నీరు కారుతోంది. "ఏమైందండీ?" అంది రాజ్యలక్ష్మి. నా చేతిలో పేలపిండి ప్రసాదం ఉంది. "పిండి ఎగిరి పడింది" అన్నాను. ఊదబోయింది. వద్దన్నాను.

అక్కణ్ణుంచి రోజుకొక తెర దిగింది. బాల్కనీలోకి వెళితే వెలుతురు గుచ్చేది. కనుబొమ మీద ఎవరో బొటనవేలు పెట్టి అదిమినట్టు ఒకటే నొప్పి. కర్టెన్లు వేసి "ఎండ మండిపోతోంది" అనేవాణ్ణి. బయట ఆషాఢం వాన కురుస్తుండేది. పేపరు తెరిచి, చదివేవాడు ఎంతసేపటికి పేజీ తిప్పుతాడో లెక్కగట్టి తిప్పేవాణ్ణి. "నా రాశికి ఏముందండీ?" అని వంటింట్లోంచి అడిగితే, "భర్త వలన సౌఖ్యం" అని చదివాను. ఆవిడ నమ్మలేదు. అయితే కారణం నా కన్ను అనుకోలేదు, నా నోరు అనుకుంది.

ఎందుకు దాచావయ్యా అంటే, జూలైలో ఒక ఆదివారం బాగ్ లింగంపల్లిలో అష్టావధానం ఉంది. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఎక్కడ అవధానం జరిగినా అప్రస్తుత ప్రసంగం నాదే. అవధానిగారు ఏడుగురికి పద్యాలు అల్లుతుంటే మధ్యలో దూరి, సంబంధం లేని మాటలతో ఆయన ఏకాగ్రత చెడగొట్టడం నా పని. సభలో ఒక మనిషి పనిగట్టుకుని అల్లరి చేస్తే శాలువా కప్పి పంపే జాతి మనది తప్ప మరొకటి ఉందో లేదో నాకు తెలియదు. కంటి సంగతి చెబితే ఇంట్లో కట్టిపడేస్తారు, ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. అదీ కారణం.

అదే కారణమని చాలా రోజులు నాకు నేను కూడా చెప్పుకున్నాను.

అవధానానికి ముందు గురువారం

నెల రోజుల చెకప్ ఆ వారమే పడింది. రాజ్యలక్ష్మికి మోకాలి నొప్పి. "ఆటోలో వెళ్లి ఆటోలో వచ్చేస్తాను" అని ఒక్కణ్ణే వెళ్లాను.

ఆ ఆసుపత్రిలో హాలు పొడుగ్గా ఉంటుంది. ఒక చివర చూపు పరీక్ష, మిగతా అంతా మా బెంచీలు. పరీక్ష చేసే అమ్మాయి పేరు స్రవంతి. నా ముందు పదకొండుమంది ఉన్నారు. పదకొండుమందీ అదే తెలుగు అక్షరాల పట్టీని పైకి చదివారు. ముగ్గురు కింది దాకా చదివారు. నేను కళ్లు మూసుకుని వింటున్నాను.

అవధానంలో చివర ధారణ అని ఉంటుంది. చెప్పిన పద్యాలన్నీ అవధానిగారు తడుముకోకుండా మళ్లీ అప్పజెబుతారు. ఆయన పక్కన కూర్చుని ఇన్నేళ్లు ఆ పని చూశాను. కింది నాలుగు వరసల అక్షరాలనూ ఒక పద్యపాదంలా కూర్చుకున్నాను. నా వంతు వచ్చేసరికి ఆ పాదం నా నాలుక మీద తయారుగా ఉంది.

పై అక్షరాలు నిజంగానే చూశాను. మూడో వరస మసగ్గా తెలిసింది. ఆ కిందదంతా తెల్ల గోడే. ఆ తెల్ల గోడను అక్షరం పొల్లుపోకుండా చదివేశాను. మధ్యలో ఒకచోట కావాలని ఆగి, కళ్లు చికిలించి మరీ చదివాను. నటనలో ఆ చిన్న మెరుగు నా సొంతం.

"మస్తు చదివిండ్రు సార్!" అని రాసుకుంది స్రవంతి. తర్వాత టార్చి వేసి చూసింది. "జర ఎర్రగున్నది గద. నొప్పేమన్న ఉన్నదా?"

"అబ్బే."

"వెలుతురు జూస్తే గుచ్చుతున్నదా?"

"గుచ్చితే ఇలా మాట్లాడతానా అమ్మా?"

"అయితే కూసోండ్రి సార్. చుక్కలేస్త, మేడం చూస్తది."

ఆమె ఇంకొకరిని పిలవడానికి అటు తిరిగింది. నేను మెట్లు దిగాను. వెనకనుంచి "సార్! మేడంకు చూపెట్టకుండ పోవద్దు సార్!" అని ఆమె గొంతు వినబడింది. వినబడలేదనుకున్నాను. చెవులు నాకు మొదటినుంచీ బాగానే పనిచేస్తాయి.

"ఆఖరి వరస దాకా చదివాను" అని ఇంట్లో చెప్పాను. చూడండి, అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

ఆదివారం

నల్లద్దాలు పెట్టుకుని వేదిక మీద కూర్చున్నాను. సభ ఊగిపోయిందని నలుగురితో అన్నాను. జరిగిందేమిటంటే, వేదిక దీపాలు వేసిన క్షణంనుంచి నా కన్ను కుంపటిలా అయింది. జేబులో రాసి తెచ్చుకున్న చీటీ నాకే కనబడలేదు. అవధానిగారు రెండు పద్యాలు ముగించి, నావైపు తిరిగి, "ఏమిటండీ, ఈ రోజు నా మీద ఇంత దయ?" అన్నారు. జనం నవ్వారు. ఆ నవ్వులోనే లేచి, గోడ పట్టుకుని వేదిక దిగాను. ఆ రాత్రి ఇంట్లో, కన్ను సరిగా కనబడటం లేదని మాత్రం ఒప్పుకున్నాను.

సోమవారం

పొద్దున్నే మా అమ్మాయి సుధ గాంధీనగర్‌నుంచి కారు తీసుకుని వచ్చింది. డాక్టరమ్మ ముందు రాజ్యలక్ష్మి, సుధ, నేను. డాక్టరమ్మ నా ముందు చెయ్యి పెట్టి "ఎన్ని వేళ్లు?" అంది. మూడన్నాను. రెండట.

యంత్రానికి గడ్డం ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత నా ఫైలు చూసింది. మళ్లీ నా కన్ను చూసింది.

"గురువారం ఆఖరి వరస చదివిన కన్ను నాలుగు రోజుల్లో వేళ్లు లెక్కపెట్టలేని స్థితికి వచ్చింది. ఇంత వేగంగా పడిపోతే నేను ఇన్‌ఫెక్షన్ అనే అనుకోవాలి. ఆగితే కన్ను దక్కదు. లోపలి నీరు సూదితో తీసి పరీక్షకు పంపి, ఇవాళే కంట్లోకి ఇంజెక్షన్ ఇవ్వాలి."

సుధ నా కుర్చీ వీపు పట్టుకుంది. కుర్చీ కదిలింది.

డాక్టరమ్మ స్రవంతిని పిలిపించింది. "గురువారం ఈయనను చూసింది నువ్వేనా?"

"నేనే మేడం."

"సరిగ్గా చూశావా? ఎర్రగా ఉందని రాశావు. నాకు చూపించకుండా ఎలా పంపావు?"

"కరెక్టుగనే చూసిన మేడం. సార్ ఆఖరి దాక చదివిండ్రు. నొప్పి లేదన్నరు. కూసోమన్న గని..." అని ఆగిపోయింది. నా వైపు చూసిందో లేదో నాకు తెలియదు. నాకు ఆమె ఒక తెల్లకోటు ఆకారంగా మాత్రమే కనిపిస్తోంది. ఆ ఆకారం తల దించుకుంది. అది మాత్రం తెలిసింది.

"అమ్మా," అన్నాను డాక్టరమ్మతో, "నాకు ధారణాశక్తి కొంచెం ఎక్కువ."

అలా మొదలుపెట్టాను. ఏం చేస్తాం, అలవాటు. గదిలో ఎవరూ నవ్వలేదు.

"ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నాకు కనబడలేదు. నా ముందువాళ్లు చదివింది విని అప్పజెప్పాను. నొప్పి కూడా ఉంది. లేదన్నాను. ఆగమంటే పారిపోయాను."

డాక్టరమ్మ తిట్టలేదు. కాగితం తిరగేసి, "మసక మొదలై ఎన్నాళ్లయింది?" అంది.

"తొలి ఏకాదశినుంచి."

"పేలపిండి!" అంది రాజ్యలక్ష్మి. ఆ ఒక్క మాటే.

"మెల్లగా పెరిగిందా, ఒక్కసారి పడిపోయిందా? జాగ్రత్తగా చెప్పండి. మీ జవాబును బట్టే నేను ముందుకు వెళ్లాలి."

"మెల్లగా. రోజుకొక పొర."

"అయితే లెక్క మారుతుంది" అంది. ఆపరేషన్ తర్వాత కొందరికి కన్ను లోపల వాపు వస్తుందనీ, సూక్ష్మక్రిములు లేకుండానే కన్ను తనంతట తానే రాజుకుంటుందనీ, దానికి చుక్కల మందే ముఖ్యమనీ చెప్పింది. కంటి వెనక పొర చూసే ఇంకో డాక్టరును పిలిచింది. స్కానింగ్ చేశారు. వెనక శుభ్రంగానే ఉందన్నారు. (ఆరుగురు డాక్టర్లని చెప్పాను కదా, ఇద్దరు.)

"వాపే అని నా అనుమానం. కానీ నూటికి నూరు చెప్పలేను. గంట గంటకూ మందు వేసి రేపు తొమ్మిదింటికల్లా ఇక్కడ ఉండండి. ఏమాత్రం పెరిగినా సూది తప్పదు. ఇంకేమైనా దాచారా?"

నేను నోరు తెరిచేలోపే రాజ్యలక్ష్మి అందుకుంది. "ఆ ప్రశ్నకి జవాబు చెప్పించాలంటే సాయంత్రమవుతుందమ్మా. కన్ను వరకు ఇంతే."

మంగళవారం

తొమ్మిదింటికి రమ్మంటే ఏడున్నరకే హాల్లో కూర్చున్నాం. సుధ చేతిలో ఫోను మాటిమాటికీ వెలుగుతోంది. రాజ్యలక్ష్మి నా వైపు తిరగడం లేదు. నా పక్కన కవాడిగూడనుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుంది, గొంతును బట్టి నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. కంటికి కట్టిన గుడ్డ ఆకుపచ్చ రంగు మాత్రం తెలిసింది.

"ఏంది తమ్మీ, గట్ల వణుకుతున్నవ్?"

"ఏసీ పెద్దమ్మా."

"ఏసీ బంద్ ఉన్నది" అంది ఆవిడ. తర్వాత ఇంకేమీ అడగకుండా తన శాలువా కొస తెచ్చి నా మోకాళ్ల మీద కప్పింది. నాకు చాలా శాలువాలు కప్పారు. ఇంతటి వెచ్చదనం దేనికీ లేదు.

డాక్టరమ్మ యంత్రంలోంచి చూస్తున్నంతసేపూ నేను ఊపిరి తీసుకోలేదు. ఇది కోత కాదు.

"పెరగలేదు" అంది. కొంచెం ఆగి, "ఒక పిసరు తగ్గినట్టే ఉంది. సూది వద్దు."

వేలెడు సూది కథ అక్కడితో సరి.

జూలై ఆఖరు, ఆగస్టు

గంటకొక చుక్క. కంటిపాపను విప్పి ఉంచే ఇంకో మందు రోజుకు మూడుసార్లు. ఇంటినిండా కర్టెన్లు. రాజ్యలక్ష్మి వంటింటి గడియారం తెచ్చి హాల్లో పెట్టుకుంది. మూడు రోజులు నాతో ఆవిడ మాట్లాడినవి రెండే మాటలు. "పైకి చూడండి." "మూయండి." నేను ఎన్ని ఛలోక్తులు వేసినా ఆ రెండే. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మందు వేసి, రెప్ప కింద నీరు దూదితో ఒత్తుతూ అడిగింది. "అవధానం కోసమే దాచారా?"

"అవును."

దూది ఆగిపోయింది.

"కాదు" అన్నాను. "భయమేసింది రాజ్యం. ఉన్నది ఇదొక్కటే. పోతోందని నాకు తెలుసు. ఆ పిల్ల నోటితో బాగా చదివారని అనిపించుకుంటే, ఆ కాసేపు పోలేదనిపిస్తుందని."

"ఆ మాట నాతో అని ఉంటే నేనే అనేదాన్ని కదండీ, బాగా చదివారని. అని, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరకి ఈడ్చుకెళ్లేదాన్ని" అంది. దూది మళ్లీ కదిలింది.

చదివేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఆపరేషన్ అయిన కన్ను మళ్లీ ఎర్రబడినా, వెలుతురు పడకపోయినా, చూపు మసకేసినా ఆ రోజే వెళ్లండి. పరీక్ష అనేది నెగ్గడానికి కాదు. డెబ్భై నాలుగేళ్లకు నాకు తెలిసింది.

తర్వాతి చెకప్‌లో స్రవంతిని పక్కకు పిలిచి క్షమించమన్నాను. ఒక పెద్ద ఉపన్యాసం తయారుచేసుకుని వెళ్లాను. రెండో వాక్యంలోనే ఆపేసింది.

"ఊకోండ్రి సార్. మా తాత గూడ గింతే. షుగరు గోలి నోట్లేసుకున్నట్టు చేసి తులసి చెట్టు మొదట్ల వడేస్తడు. చెట్టుకు షుగరు లేదు, తాతకు పోలేదు." తర్వాత గొంతు తగ్గించింది. "గారోజు మీరు చెప్పకపోతే నేను చూసింది తప్పని నేనే అనుకుంటుంటి. ఇంటికి పోయినంక గూడ గదే అనుకుంటుంటి."

ఇప్పుడు ఆ హాల్లో ఒక్కొక్కరికీ పట్టీ మార్చి చూపిస్తున్నారు. ఆ సంస్కరణ తెచ్చింది నేనేనని ఇడ్లీ బండి దగ్గర చెప్పాను.

డిసెంబరు

వాపు ముందు భాగంలో తగ్గాక వెనక పొరలో కొంచెం నీరు చేరింది. నలభై ఏళ్లు సరళరేఖలు గీసినవాడికి తలుపు చట్రం పొట్టతో కనిపించింది. కిటికీ ఊచలు నీళ్లలో పాముల్లా ఉండేవి. దానికి ఇంకో చుక్కల మందు, ఇంకో మూడు నెలలు. ఆ పొట్ట మెల్లగా లోపలికి పోయింది. నవంబరు ఆఖరుకు తలుపు తలుపులా నిలబడింది.

మొన్న మందులన్నీ ఆపేసే ముందు ఆఖరి పరీక్ష. స్రవంతి ఎడమకన్ను మూసి, కొత్త పట్టీ వెలిగించింది. మొదటి వరస, రెండు, మూడు, నాలుగు చదివాను. ఐదులో ఒకటి తడబడి, రెండోసారికి చెప్పాను.

"కింద సార్?"

అక్కడ ఏవో ఉన్నాయి. వరసగా, బుద్ధిగా, చీమల్లా ఉన్నాయి. నా వెనక బెంచీల మీద జనం ఉన్నారు, వినబడుతుందని తెలుసు. నాలుక కొస దాకా ఏదో ఒక అక్షరం వచ్చింది కూడా.

"కనబడట్లేదమ్మా."

"దాని కిందిది?"

"అదీ అంతే."

"అయితే గంతే రాస్త" అంది.

"రాయమ్మా."

డాక్టరమ్మ లోపల చూసి, కన్ను చల్లబడిందనీ, ఉన్న చూపు నిలుస్తుందనీ, పోయిన రెండు వరసలు రాకపోవచ్చనీ చెప్పింది. ముందే వచ్చి ఉంటే అవి కూడా ఉండేవా అని అడిగాను. "చెప్పలేను. ఉండి ఉండొచ్చు" అంది. నిజం చెప్పే మనుషులతో ఇదే చిక్కు.

రాజ్యలక్ష్మి బయట మెట్ల దగ్గర మోకాలు పట్టుకుని కూర్చుని ఉంది. "ఎంతవరకు చదివారు?"

"కింద రెండు వరసలు లేవు."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది, ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. చెయ్యి చాపింది. పట్టుకుని లేపాను.

"ఆ రెండు వరసల్లో ఉండేవన్నీ నేను చదివి పెడతాను. మందు సీసాల మీది తేదీలు, పెళ్లిపత్రికల్లో ముహూర్తాలు, అన్నీ. మీరు మాత్రం కనబడలేదని చెబుతూ ఉండండి" అంది. "నడవండి, ఆటో ఆయన అవతల అరుస్తున్నాడు."

మొదటి మెట్టు దగ్గర ఆగాను. "ఇది కనబడుతోందా?" అంది. కనబడుతోందన్నాను. నమ్మి అడుగు వేసింది.